ఇంజన్ ఆయిల్ తింటోందా? దించే ముందు ఒకసారి కొలవండి

పాత కారు ఉన్నవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఈమధ్య ఒకటే మాట. ఇంజన్ ఆయిల్ తింటోంది, షెడ్డులో చూపిస్తే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి) పోయాయి ఇంజన్ దించాలి అన్నారు, కారు అమ్మేయమంటావా అని. మా బాబాయ్ కూడా అదే అడిగాడు. ఆయనది 2009 మోడల్ పెట్రోల్ కారు, లక్షన్నర కిలోమీటర్లు దాటింది, గుంటూరు విజయవాడ మధ్యే ఎక్కువ తిరుగుతుంది. వెనకాల నీలం పొగ చూసి, బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండా, ఇంజన్ పనికి రేటు చెప్పేశారంట. అది వినగానే నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అసలు ఆ బండి ఎంత ఆయిల్ తింటోందో అప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

కొలవడం పెద్ద పనేం కాదు. చదునుగా ఉన్న చోట ఆపి, ఇంజన్ వేడెక్కాక ఆఫ్ చేసి, ఒక పది నిమిషాలు ఆగి, గేజ్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడాలి. సరిగ్గా పై గీత దాకా ఆయిల్ నింపి, మీటర్ రీడింగ్ రాసుకోండి. 1000 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే చోట, అదే పద్ధతిలో చూసి, కొలత గీతలున్న సీసాతో పై గీత వరకు పోయండి, ఎంత పట్టిందో అదే మీ బండి తినే ఆయిల్. చాలా కార్లలో పై గీతకీ కింది గీతకీ మధ్య లీటరు అటూఇటూగా ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూస్కోండి. పై గీత దాటి మాత్రం పోయొద్దు, ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఇంజన్ లోపలి గ్యాసులు పోయే బ్రీదర్ పైపు గుండా ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి) పోయి అది కూడా కాలిపోతుంది, అప్పుడు లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

కొన్ని కంపెనీలైతే 1000 కిలోమీటర్లకి లీటరు దాకా మామూలే అని మాన్యువల్‌లోనే రాస్తాయి. నా లెక్క వేరు. పాత ఇంజన్ 200, 300 మిల్లీలీటర్లు తింటే పోసుకుంటూ నడిపేయొచ్చు, అర లీటరు దగ్గరికొస్తే కారణం వెతకాలి, లీటరు అయితే ఏదో ఒక పని తప్పదు.

తర్వాత తేల్చాల్సింది కారుతోందా, కాలుతోందా అని. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. కానీ చుక్క పడకపోతే లీకు లేదనుకోవద్దు, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడిపోయి కారే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి అక్కడే కాలిపోతుంది, కింద చుక్క ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలిన వాసన మాత్రం వస్తుంది. ఫిల్టర్ దగ్గర, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ చుట్టూ, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కూడా టార్చి వేసి చూడాలి. స్పార్క్ ప్లగ్గులుండే గుంతల్లో ఆయిల్ నిలిచి ఉంటే అది పైనున్న సీలు పోవడం వల్ల, దానికి రింగులతో ఏ సంబంధం లేదు.

కాలుతోంది అని తేలితే అప్పుడు పొగ ఎప్పుడొస్తోందో గమనించాలి, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలంగా పొగ కొట్టి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ చుట్టూ ఉండే రబ్బరు ముక్కలు) పోయినట్టు. రబ్బరు ఏళ్ళ తరబడి వేడికి బిగుసుకుపోతే వాల్వ్ కాడని పట్టుకోలేదు, రాత్రి ఆయిల్ మెల్లగా కిందికి దిగుతుంది. ట్రాఫిక్‌లో చాలాసేపు ఐడ్లింగ్‌లో ఉండి కదిలినప్పుడు వచ్చినా, శ్రీశైలం ఘాట్ లాంటి చోట గేర్‌లోనే యాక్సిలరేటర్ వదిలేసి దిగుతూ దిగుతూ మళ్ళీ తొక్కినప్పుడు వచ్చినా ముందు అనుమానం సీల్స్ మీదే, ఎందుకంటే గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో వ్యాక్యూమ్ బాగా పెరిగి వాల్వ్ గైడ్ గుండా ఆయిల్‌ని లాగేస్తుంది. అలా కాకుండా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లోడ్ మీద తొక్కినంతసేపూ పొగ వస్తే రింగులవైపు చూడాలి. ఇంకోటి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేస్తున్న బండిలో ఆయిల్ బాగానే కాలుతున్నా పొగ కంటికి కనపడకపోవచ్చు, అందుకే పొగ లేదు కాబట్టి ఆయిల్ తినట్లేదు అనుకుని గేజ్ చూడకుండా ఉండొద్దు.

ఏది చేసినా ముందు పీసీవీ వాల్వ్ చూడండి. ఇంజన్ లోపల చేరే గ్యాసుల్ని ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది, చాలా కార్లలో కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తుంది. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ళన్నిట్లోంచీ ఆయిల్ తోస్తుంది, తెరుచుకుపోయి ఉండిపోతే ఆయిల్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగేస్తుంది. రెండిట్లోనూ ఆయిల్ తగ్గేది నిజమే, ఇంజన్‌కి మాత్రం ఏమీ కాలేదు.

ఆ తర్వాత ప్లగ్గులు తీసి వరసగా పెట్టి చూడండి, ఒకటే తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లో సమస్య. ప్లగ్గులు తీసినప్పుడే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టుకుంటోందో కొలిచేది) చేయించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ కొడితే కంప్రెషన్ పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే వాల్వులో, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) కింది ప్యాకింగో. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది మెకానిక్‌లు కూడా చెప్పరు. పిస్టన్‌కి మూడు రింగులుంటాయి, కంప్రెషన్ పట్టేవి పై రెండు, గోడ మీద ఆయిల్ గీకేది మూడోది. ఆ మూడో రింగు వెనక ఆయిల్ వెనక్కి దిగే సన్నటి దారులు కార్బన్‌తో పూడుకుపోయి రింగు బిగుసుకుపోతే కంప్రెషన్ చక్కగా వస్తుంది కానీ ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చడం, ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ట్రిప్పులు, ఒకసారి బాగా ఓవర్‌హీట్ అవడం, ఇవన్నీ అక్కడికే దారితీస్తాయి. రాత్రంతా సిలిండర్లలో కెమికల్ పోసి నానబెట్టే పద్ధతి ఉంది, కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి చేయదు. ఇంజన్ దించే ముందు ప్రయత్నించడంలో తప్పులేదు కానీ ప్లగ్గులు బిగించకుండానే సెల్ఫ్ కొట్టి మిగిలిన ద్రవం బయటికి పోనివ్వాలి, లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది, ఆ తర్వాత ఆయిల్ కూడా మార్చేయాలి.

బాబాయ్ బండిలో కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది. పొగ పొద్దునే వచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి హెడ్ దించకుండానే, ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టి వాల్వులు కింద పడకుండా నిలబెట్టి, పైనుంచే సీల్స్ అన్నీ మార్చేశాడు, పీసీవీ కూడా కొత్తది వేశాడు. పాత సీల్స్ చేతిలో పెడితే గోటితో నొక్కినా లొంగలేదు, ప్లాస్టిక్ ముక్కల్లా ఉన్నాయి. ఆయిల్ తినడం పూర్తిగా ఆగలేదు, కానీ పొద్దున పొగ పోయింది, ఇప్పుడు తినేది పోసుకుంటూ తిరిగేంతే.

చిక్కటి ఆయిల్ పోసేయ్ అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి సెంటర్‌లోనూ ఉంటారు. మాన్యువల్‌లో మన ఎండలకి 5డబ్ల్యూ-40 కూడా వాడొచ్చని ఉంటే 5డబ్ల్యూ-30 నుంచి దానికి మారడం సబబే (చివరి అంకె పెద్దదైతే వేడిలో ఆయిల్ చిక్కగా ఉంటుంది), పల్చటి ఆయిల్ వేడికి ఎక్కువ ఆవిరవుతుంది కూడా. కానీ సన్నటి ఆయిల్ దారులున్న వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చుకునే) ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోయడం నేను ఒప్పుకోను. పొగ తగ్గినట్టే ఉంటుంది, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైదాకా ఆయిల్ ఎక్కక వేరేచోట అరుగుతుంది.

టర్బో డీజిల్ అయితే ఇంకా జాగ్రత్త. టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది) సీల్ పోయి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల్లో ఆయిల్ నిండిపోతే ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా వాడుకుని తాళం తీసేసినా ఆగకుండా రేజ్ అయిపోతుంది. గేజ్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతున్నా మంచిది కాదు, డీజిల్ కలుస్తోందేమో చూపించాలి.

పోసుకుంటూ నడపాలని నిర్ణయించుకుంటే అదే గ్రేడ్ ఆయిల్ ఒక లీటరు డిక్కీలో ఉంచండి, 500 కిలోమీటర్లకొకసారి గేజ్ చూడండి. డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర లైటు ప్రెషర్‌ది, అది వెలిగేసరికి ఆయిల్ పూర్తిగా అడుగంటి ఉంటుంది, వెంటనే ఇంజన్ ఆపేయాలి. మధ్యమధ్యలో కొత్త ఆయిల్ పోస్తున్నాం కదా అని మార్చడం వాయిదా వేయొద్దు, పాత మురికి చాంబర్‌లోనూ ఫిల్టర్‌లోనూ అలాగే ఉంటుంది. కాలే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని నెమ్మదిగా పాడుచేస్తుంది, పొల్యూషన్ టెస్ట్‌లో హైడ్రోకార్బన్ రీడింగ్ పెరుగుతుంది. 15 ఏళ్ళు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళే బండికైతే ఇది ముందే చూసుకోవాలి.

నెలనెలా తినేది పెరుగుతూ పోతే, ప్లగ్గులు తరచూ మూసుకుపోతే, కంప్రెషన్ పడిపోతే ఇంజన్ పని చేయించాల్సిందే. అప్పుడు కూడా కొత్త రింగులేసి మూసేస్తాం అంటే ఒప్పుకోకండి. బోరు (సిలిండర్ లోపలి గోడ) కోడిగుడ్డులా అరిగి ఉంటే కొత్త రింగు ఆ గోడకి చుట్టూ ఆనదు, డబ్బులు పోతాయి పొగ మిగులుతుంది. ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద బోర్ గేజ్‌తో కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసిమ్మనండి, హోనింగ్ (గోడని పైపైన రుద్దడం) సరిపోతుందా రీబోర్ (బోరుని కోసి పెద్దది చేయడం) చేయాలా అన్నది వాటిని బట్టే తేల్చండి.