ఒక్క గేముతో కన్సోల్ లేస్తుందా?

అమ్మకాలు పడిపోయిన కన్సోల్‌కి (గేములాడే యంత్రానికి) ఒక మంచి ఎక్స్‌క్లూజివ్, అంటే దాని మీద మాత్రమే ఆడగలిగే గేము, పడితే చాలు, మళ్లీ లేస్తుందని గేమర్లలో పాత నమ్మకం. పూర్తిగా తప్పేమీ కాదు. కాకపోతే గేము అమ్ముడవడం వేరు, దాని కోసం కన్సోల్ అమ్ముడవడం వేరు. ఈ తేడా తెలియాలంటే జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన వీ యూ అనే కన్సోల్ లెక్కలు చూడాలి.

వీ యూ 2012 నవంబరులో వచ్చింది. 2013 ఏప్రిల్-జూన్ మధ్య ప్రపంచం మొత్తం మీద వెళ్లిన కన్సోళ్లు 1.6 లక్షలు. 2014 మే చివర్లో మారియో కార్ట్ 8 అనే రేసింగ్ గేము దిగింది. ఆ ఏప్రిల్-జూన్‌లో 5.1 లక్షలు! మూడు రెట్లు దాటింది, పండగే అనుకున్నారు. కానీ అదే మూడు నెలల్లో గేము ఎన్ని కాపీలు వెళ్లిందో చూడండి: 28.2 లక్షలు. కొత్తగా కన్సోల్ కొన్న ప్రతి ఒక్కరూ ఈ గేము కోసమే కొన్నారనుకున్నా, ఇంకా 23 లక్షల కాపీలు మిగులుతాయి. అవన్నీ అప్పటికే ఇంట్లో వీ యూ ఉన్నవాళ్లకు చేరాల్సినవే. (ఇవి దుకాణాలకు పంపిన లెక్కలు. అరల్లో మిగిలిపోయినవీ ఇందులోనే ఉంటాయి.)

2014 మార్చితో ముగిసిన ఏడాదిలో వెళ్లిన వీ యూలు 27.2 లక్షలు, మరుసటి ఏడు 33.8 లక్షలు. ఆ రెండో ఏడులో మారియో కార్ట్‌తో పాటు స్మాష్ బ్రదర్స్ అనే ఫైటింగ్ గేము కూడా వచ్చింది. రెండు బ్రహ్మాస్త్రాలు వేస్తే పెరిగింది ఆరున్నర లక్షలు. చివరికి వీ యూ మొత్తం అమ్మకాలు కోటీ 35.6 లక్షల దగ్గర ఆగిపోయాయి. మారియో కార్ట్ 8 మాత్రం దాని మీదే 84.6 లక్షలు అమ్ముడైంది, అంటే నూరు కన్సోళ్లకు 62 కాపీలు. గేములో లోపం లేదు.

మరెక్కడ తేడా కొట్టింది? కన్సోల్ 300 డాలర్లు, గేము 60. అంత పెట్టేవాడు ఒక్క గేము చూసి పెట్టడు, రాబోయే రెండేళ్లలో ఇందులో ఇంకేం ఆడొచ్చని లెక్కేస్తాడు. గేములు తెచ్చే బయటి పబ్లిషర్లు అప్పటికే ఒక్కొక్కరే జారుకున్నారు. పేరు చూస్తే నింటెండో పాత కన్సోల్ ‘వీ’కి తగిలించే ప్యాడేమో అనిపించేది. ఇంకో చిన్న విషయం ఎవరూ పెద్దగా పట్టించుకోరు: మారియో కార్ట్ 8ని ఒకే టీవీ ముందు నలుగురు ఆడొచ్చు. నలుగురు స్నేహితులకు ఒక్క కన్సోల్ సరిపోతుంది. జపాన్‌లో సోనీ వాళ్ల చేతిలో పట్టే కన్సోల్ పీఎస్‌పీ మీద వచ్చిన మాన్‌స్టర్ హంటర్ అనే వేట గేము కథ దీనికి తలకిందులు. కలిసి వేటాడాలంటే ఎవరి పీఎస్‌పీ వాళ్లకుండాలి. ఒక పిల్లాడు కొంటే క్లాసులో మిగతావాళ్లూ ఇంట్లో పోరు పెట్టాల్సిందే.

ఇక నిజంగా లేచి నిలబడ్డది నింటెండో వాళ్లదే, చేతిలో పట్టే కన్సోల్ 3డీఎస్. 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు దింపారు, బేరం సాగలేదు. ఆగస్టులో ఏకంగా 169.99కి కోశారు. జపాన్‌లో 25,000 యెన్‌ల నుంచి 15,000కి. ముందే కొని మోసపోయామనుకున్నవాళ్లకు 20 పాత గేములు ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత నవంబరులో సూపర్ మారియో 3డీ ల్యాండ్, డిసెంబరులో మారియో కార్ట్ 7, జపాన్‌లో మాన్‌స్టర్ హంటర్ 3జీ. వరస చూడండి: ముందు ధర, వెనకే పండగ సీజన్‌లో గేము మీద గేము. 2012 మార్చితో ముగిసిన ఆ ఒక్క ఏడాదిలో వెళ్లినవి కోటీ 35.3 లక్షలు. వీ యూ జీవితకాలమంతా కలిపి అమ్మింది దాదాపు ఇంతే.

అందుకే ఎవరైనా "ఫలానా గేము కన్సోల్‌ని నిలబెట్టింది" అంటే నేనైతే మూడు చూస్తాను. ఆ నెలలోనే ధర తగ్గించారా? గేముతో కలిపి కట్టిన బండిల్ ఎంత చవక? విడుదలైన వారం కాదు, ఎనిమిదో వారం అమ్మకాలెంత? మొదటి వారం పొంగు ఎప్పుడూ ఉంటుంది, ఎనిమిదో వారానికి పాత గీతకే దిగిపోతే అది పాలపొంగే.

మారియో కార్ట్ 8ని 2017 ఏప్రిల్‌లో కాస్త మెరుగులు దిద్ది, డీలక్స్ అని పేరు పెట్టి, వీ యూ తర్వాత వచ్చిన నింటెండో కన్సోల్ స్విచ్ మీదకు తెచ్చారు. అక్కడ 6 కోట్ల కాపీలు దాటింది.