ఇసుకలో వృక్షాసనం

నడుం నొప్పికి యోగా మంచిదని డాక్టర్ చెబితే, పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్తున్నాను. ఇసుకలో ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం అంటే మాటలు కాదు, కాలి కింద నేల జారిపోతూనే ఉంటుంది. పక్కనుండే మామ్మగారు మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని బొమ్మలా నిలబడతారు. "అలల్ని చూడకమ్మా, దూరంగా ఆ ఓడని చూడు" అన్నారు. నిజమే, నిలబడగలిగాను, ఒక పది సెకన్లు!

ఇవాళ సూర్య నమస్కారాల మధ్యలో జాలర్ల కేకలు. ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద అలివి వలకి మనుషులు చాల్లేదట. మ్యాట్లు వదిలేసి అందరం తాడు పట్టుకున్నాం. అరగంట లాగితే కాసిని కవళ్ల చేపలు, బోలెడు ప్లాస్టిక్ కవర్లు. మిగతా క్లాసంతా ఆ కవర్లు ఏరడంతోనే సరి. అరచేతులు ఇంకా మండుతున్నాయి. నడుం సంగతి మాత్రం ఇప్పుడు ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.