ఆ బెంచీ ఈ రోజు ఖాళీ

మంగళవారం, రాత్రి

పార్కులో చెట్టు కింది బెంచీ మీద ప్రతి ఉదయం కనిపించే పెద్దాయన ఈ రోజు రాలేదు. రెండేళ్లుగా నేను నడకకు వెళ్లిన ప్రతిసారీ ఆయన అక్కడే ఉండేవారు. ఒక చిరునవ్వు, వాన వచ్చేలా ఉందంటే అవునండీ అనుకోవడం, మా పరిచయం అంతవరకే. అదే వేళకు నడిచే మరో ఇద్దరు కూడా ఆ బెంచీ దగ్గర అడుగు నెమ్మదించి అటూ ఇటూ చూశారు. ఆయన పేరేమిటో, ఇల్లెక్కడో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదని తేలింది. ఆ మాటకొస్తే మా ముగ్గురికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

రేపు మొదటి సంవత్సరం విద్యార్థులకు చెప్పవలసిన పాఠం ‘సముదాయం’ కావడం వల్ల, మధ్యాహ్నం నోట్సు ముందేసుకుని కూర్చున్నా మనసు ఆ బెంచీ దగ్గరే తిరిగింది. ఈ మాటను మనం భవనాలకూ వాడతాం, మనుషులకూ వాడతాం. వాణిజ్య సముదాయం అన్నప్పుడు కట్టడాలు పక్కపక్కన ఉంటే చాలు. మనుషుల విషయంలో అది చాలదని అందరూ ఒప్పుకుంటారు గానీ, ఇంకా ఏం కావాలన్న దగ్గర సమాజ శాస్త్రవేత్తలకు ఏనాడూ పూర్తి ఏకాభిప్రాయం కుదరలేదు. వారిలో ఒకరైన జార్జ్ హిల్లరీ 1955లో సముదాయానికి ఉన్న 94 నిర్వచనాలను పోల్చి చూసినప్పుడు, వాటన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించింది ఒక్కటే: అవన్నీ మనుషుల గురించినవి. ఒక ప్రాంతం, పరస్పర వ్యవహారం, ఉమ్మడి బంధాలు అనే మూడింటినీ కలిపి అంగీకరించినవి 69.

జర్మన్ సమాజ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ టోనీస్ 1887లోనే గెమైన్‌షాఫ్ట్ (సముదాయం), గెసెల్‌షాఫ్ట్ (సమాజం) అని రెండు రకాల కలయికలను వేరు చేశారు. విడదీసేవి ఎన్ని ఉన్నా మనుషులు కలిసే ఉండేది మొదటిది. కలిపేవి ఎన్ని ఉన్నా విడివిడిగానే ఉండేది రెండోది. రక్తబంధం, ఇరుగుపొరుగు, స్నేహం ఈ మూడూ ఆయన దృష్టిలో మొదటి దాని రూపాలే. ఉదయం ఆ బెంచీ దగ్గర నిలబడ్డ మేం ముగ్గురం ఈ రెండింటిలో దేనికి చెందుతామో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

నాకు ఎక్కువ ఆసరాగా తోచింది మరో సమాజ శాస్త్రవేత్త మెకైవర్ చేసిన విభజన. సముదాయానికి ఆయన చెప్పిన ఆధారాలు రెండు: స్థానికత, సముదాయ భావన. ఆ రెండో దానిలో మళ్లీ మూడు పాయలు చూపించారు: ‘మనం’ అన్న భావం, ఇందులో నాకూ ఒక పాత్ర ఉందన్న భావం, వీళ్ల మీద నేను ఆధారపడి ఉన్నానన్న భావం. పరీక్షల్లో విద్యార్థులు మొదటి దాన్ని మాత్రం చక్కగా రాసి మిగిలిన రెండింటినీ ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ అలవాటుకు బాధ్యత నాదే, నేను చెప్పిన తీరే అది. మాకు స్థానికత ఉంది, భావన లేదు అని ఉదయం అనుకున్నాను. అలాగైతే ఆయన లేకపోవడం ముగ్గురికీ ఒకేసారి ఎందుకు తెలిసింది?

స్థానికత తప్పనిసరి కాదని వాదించినవారూ ఉన్నారు. సమాజ శాస్త్రవేత్త బారీ వెల్మన్ కెనడాలోని టొరంటో నగరంలో ఈస్ట్ యార్క్ అనే పేట వాసుల సన్నిహిత సంబంధాలను పరిశీలించి 1979లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వారి ఆత్మీయుల్లో ఎక్కువమంది ఉండేది ఆ పేటలో కాదు, నగరంలోని ఇతర ప్రాంతాల్లోనూ ఇంకా దూరంగానూ. సముదాయం నశించలేదు, పేట హద్దులు దాటి వలలా పరుచుకుంది.

రేపు ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. మనం రాలేదని గమనించే కన్నే, మనం ఎవరితో వచ్చామో, ఎప్పుడు తిరిగి వెళ్లామో కూడా గమనిస్తుంది. సముదాయం ఆదుకుంటుంది, కట్టడీ చేస్తుంది, కొందరిని గడప అవతలే నిలబెడుతుంది. ‘మనం’ అన్న మాట పలికిన ప్రతిసారీ ‘వాళ్లు’ అన్న మాట పలకకుండానే పుడుతుంది. తరగతిలో ఎవరో ఒకరు ఆ అవతలి వైపు నిలబడినవారే అయి ఉంటారు గనుక, ఈ భాగాన్ని తొందరగా దాటేయడం వారికి అన్యాయం చేయడమే.

సాయంత్రం ఇంటికి వస్తూ పార్కు గేటు దగ్గర ఆగాను. ఉదయం కనిపించని వాచ్‌మన్ ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడు. నేను పూర్తిగా అడగకముందే, “ఆ బెంచీ సార్ గురించే కదండీ? నిన్న రాత్రి వచ్చి, కూతురింటికి వెళ్తున్నాను, పది రోజుల్లో వచ్చేస్తాను, పొద్దున నడిచేవాళ్లు ఎవరైనా అడిగితే చెప్పు అన్నారండీ. మీకంటే ముందు ఇద్దరు అడిగి వెళ్లారు,” అన్నాడు.

మా పేర్లు తెలియని ఆ పెద్దాయన, మేం అడుగుతామని ముందే అనుకున్నారు. నోట్సు తెరిచి, ‘పాత్ర ఉందన్న భావం’ అన్న చోట ఉన్న ఒక్క వాక్యాన్ని కొట్టివేసి, ఆ పేజీ అంతా దానికే వదిలాను.