క్వారీలో డంపు రిజిస్టర్ – నా అనుభవం

చీమకుర్తి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, ఊరు దాటి రామతీర్థం వైపు పోతుంటే కనపడే గుట్టల్లో చాలావరకు దేవుడు పెట్టినవి కాదు, మేం పోసినవే. గెలాక్సీ గ్రానైట్‌లో అమ్ముడుపోయే బ్లాక్ ఎంత, పైనుంచి తీసి పారబోసే మట్టీ రాయీ ఎంత అంటే అసలు పోలికే లేదు. నేను మైనింగ్ డిప్లొమా చేసి, ఫోర్‌మన్ సర్టిఫికెట్ తెచ్చుకుని అక్కడే ఒక క్వారీలో చేస్తున్నా, పేరు వద్దులెండి.

ఒకసారి మైన్స్ సేఫ్టీ వాళ్ళు, అంటే గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసర్లు, చూసెళ్ళాక నెల్లూరు రీజియన్ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. హెల్మెట్లు, బూట్లు, ఫెన్సింగ్ లాంటివి ఎప్పుడూ ఉండే పాయింట్లే, అవి సర్దేశాం. మెడకి చుట్టుకుంది ఒకటే. వేస్ట్ డంపులు, అంటే ఆ పారబోసిన గుట్టలు, వాటి కింద వాన నీళ్ళు నిలిచే గుంట, ఆ గుంట కట్ట, వీటిని క్రమం తప్పకుండా చూస్తున్నట్టు రికార్డు చూపించండి అని. మేనేజర్ గారు ఫైల్ తెచ్చి నా టేబుల్ మీద పడేసి "నువ్వు చూడబ్బయ్యా, కుర్రోడివి, కంప్యూటర్ కూడా వచ్చు" అన్నారు. కంప్యూటర్‌కీ కట్టకీ సంబంధం ఏందో ఆయనకే తెలియాలి.

రికార్డు అసలు లేదని కాదు. ఉంది. నాకంటే ముందునుంచీ నడుస్తున్న లాంగ్ బుక్ ఒకటి తీస్తే పేజీల కొద్దీ "డంపు బాగుంది, కట్ట బాగుంది", ఒకటే ఇంకు, ఒకటే చేతిరాత, కింద ఒకటే సంతకం. ఆదివారం బాగుంది, క్వారీకి తాళం వేసిన సంక్రాంతి రోజు కూడా బాగుంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండు పేజీలు తిప్పి మూసేశాడంటే మూసెయ్యడా మరి.

డిప్లొమాలో మా సార్ ఒకాయన బఫెలో క్రీక్ గురించి చెప్పేవాడు, అది గుర్తొచ్చింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా, బొగ్గు గని వేస్ట్‌తోనే కట్టిన డ్యామ్, 1972 ఫిబ్రవరి 26న వానలకి తెగిపోయి కిందున్న ఊళ్ళ మీద పడింది, 125 మంది పోయారు. అంతకి నాలుగు రోజుల ముందే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఒకాయన చూసి సంతృప్తికరంగా ఉందని రాసెళ్ళాడు. అంటే రికార్డు ఉంది, చూసినాయనా ఉన్నాడు, కానీ రాసిన ఆ ఒక్క మాట వల్ల కింద ఉన్నోళ్ళకి ఒరిగిందేం లేదు. నీళ్ళు నిన్నటికంటే ఎంత పెరిగాయి, కట్ట అంచుకి ఇంకా ఎంత ఖాళీ ఉంది, ఈ రెండు అంకెలు రాసి ఎవరైనా చదివుంటే వేరే సంగతి. నా మటుకు నేను అప్పుడే అనుకున్నా, నేను చేసే ఫారంలో "బాగుంది" అని రాయడానికి జాగానే ఉండకూడదు అని.

ఆ తర్వాత అమెరికా వాళ్ళు బొగ్గు గనుల డంపులకీ డ్యాములకీ పెట్టుకున్న రూల్స్ తీసి చదివా. మనకి అవి వర్తించవు, మనది గ్రానైట్, మనకి అప్పటికి ఉన్నవి 1952 మైన్స్ యాక్ట్, 1961 మెటల్ మైన్స్ రెగ్యులేషన్లు. కానీ ఏం చూడాలి, ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి అనేది వాళ్ళు విడమర్చి పెట్టారు. నీళ్ళు ఇరవై అడుగుల ఎత్తుకి నిలిచే కట్టడం అయితే రూల్ కిందకి వస్తది, అయిదడుగులే అయినా ఇరవై ఎకరాల్లో అడుగు లోతు నిలిచేన్ని నీళ్ళు పడితే అదీ వస్తది, చిన్నదైనా ప్రమాదం అనిపిస్తే ఆఫీసర్ దాన్ని కూడా కలపొచ్చు. ఏడు రోజులకోసారి చూడాలి. చూసినాయన రాయాలి, తర్వాతి షిఫ్ట్ అయిపోయేలోపు ఫోర్‌మన్ దాని మీద సంతకం పెట్టాలి. ఏదైనా తేడా కనిపిస్తే మనుషులకి చెప్పి, అవసరమైతే ఖాళీ చేయించడానికి సిద్ధంగా ఉండి, అప్పట్నించి కనీసం ఎనిమిది గంటలకోసారి చూస్తూ ఉండాలి. సంవత్సరానికోసారి ఇచ్చే రిపోర్టులో కొలతల్లో ఎక్కువెంత తక్కువెంత రాసి, కట్టినదీ నడుపుతున్నదీ ఒప్పుకున్న ప్లాన్ ప్రకారమే అని రిజిస్టర్డ్ ఇంజనీర్ సర్టిఫై చెయ్యాలి. చివరికి డ్యామ్ దగ్గర ఆరడుగుల ఎత్తున బోర్డు పెట్టి నంబరు రాయాలట.

ఈ బోర్డు సంగతి చదివి నవ్వుకున్నా గానీ మొదలుపెట్టింది మాత్రం దాంతోనే. ఎందుకంటే మా దగ్గర డంపులకి పేర్లే లేవు. ఒకాయన "పాత డంపు" అంటాడు, ఇంకొకాయన దాన్నే "గుడి వైపుది" అంటాడు, టిప్పర్ డ్రైవర్లకి వేరే పేరు. లెటర్‌లో వాళ్ళు రాసిన డంపు ఏదో తేల్చడానికే పెద్ద పంచాయితీ అయింది. పాత రేకులు తీసి పసుపు రంగు కొట్టించి డీ1, డీ2, డీ3 అని రాయించి పాతించా, ప్లాన్ మీద కూడా అవే. సర్వేయర్‌ని పిలిపించి ఎత్తులూ వాలూ కొలిపించాం, ఆ బిల్లు చూసి ఓనర్ గారు "గుట్టని కొలవడానికి ఇంతా" అన్నారు, ఇచ్చారనుకోండి.

వాలు గురించి ఒక మాట. మన బొగ్గు గనుల రెగ్యులేషన్లలో డంపు వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు, 30 మీటర్లు మించి పోస్తే మెట్లు మెట్లుగా పొయ్యాలి. అమెరికా వాళ్ళు ఇంకా గట్టిగా, అడ్డంగా రెండడుగులకి నిలువున ఒకడుగు, అంటే దాదాపు 27 డిగ్రీలే, అదీ రెండడుగుల పొరల్లో పరిచి తొక్కిస్తూ. మా వోళ్ళు ఇది విని "మనది రాయి గదా, నిట్టనిలువునా నిలబడతది" అంటారు. ఉట్టి బ్లాకులే అయితే నిలబడతదేమో. కానీ మా డీ2లో అడుగున ఉంది మొదట్లో తీసిన పైమట్టి, దాని మీద రాళ్ళు పోశారు. వాన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి సుబ్బరంగా దిగి ఆ మట్టిని నానబెడతాయి. పైన రాయిని చూసి ధైర్యపడితే కింద మట్టి జారతది. 1966లో వేల్స్‌లో అబర్‌ఫాన్ అనే ఊళ్ళో బొగ్గు గని డంపు బడి మీదకి జారి 116 మంది పిల్లలతో కలిపి 144 మంది పోయారు, ఆ డంపు పోసింది నీటి ఊట మీద. అందుకే మా ఫారంలో మొదటి ప్రశ్న కింద నుంచి నీళ్ళు వస్తున్నాయా, వస్తే ఎక్కడ నుంచి అని పెట్టా.

అసలు రోజూ తిరిగేది మా మేట్, అంటే పనోళ్ళని దగ్గరుండి చూసుకునేవాడు. ఒడిశా ఆయన, తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ రాయడం రాదు, ఇంతకుముందు ఆయన చూసొచ్చి నోటితో చెబితే ఆఫీసులో ఇంకొకరు వారానికి సరిపడా ఒకేసారి రాసేవాళ్ళు. అందుకే ఫారంలో మాటలు తీసేసి అంకెలు పెట్టా. గుంటలో ఎర్ర తెలుపు పట్టీలు కొట్టిన ఇనప పైపు నిలబెట్టాం, నీళ్ళు ఏ పట్టీ దాకా ఉన్నాయో అది రాయాలి. షెడ్డు మీద ప్లాస్టిక్ రైన్ గేజ్, ఎన్ని మిల్లీమీటర్లో అది రాయాలి. డంపు పైన పగుళ్ళు ఉన్నచోట పగులుకి అటొకటి ఇటొకటి ఇనప మేకులు దిగ్గొట్టి తలల మీద గంటు పెట్టించా, టేపు ఈ గంటు నుంచి ఆ గంటుకి పట్టుకుని ఎంతో రాయాలి. అంతే. ఎవరు చూసినా ఒకటే అంకె రావాలి, నాకు కావాల్సింది అది.

ఊట నీళ్ళకి అంకె ఏం పెట్టాలో తోచక ఖాళీ వాటర్ బాటిల్ ఇచ్చా. ఊట దగ్గర పట్టి, తేదీ చీటీ అంటించి ఆఫీసు కిటికీలో పెడతాడు. తేటగా ఉన్నన్నాళ్ళు పర్లేదు, బురదగా వచ్చిందంటే లోపల మట్టిని కోసుకొస్తున్నట్టు. ఓనర్ గారు ఒకరోజు వచ్చి కిటికీలో వరసగా సీసాలు చూసి "రాత్రిళ్ళు ఏం జరుగుతుందిరా ఇక్కడ" అన్నారు, ఆయనకి అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకొక తలనొప్పి వర్షాకాలం ప్లాన్. అందరి ఫైల్లోనూ ఉండే రెడీమేడ్ ప్లాన్‌లో కాలవలు తీయడం, పంపులు సిద్ధం చేయడం అంతా మే నెలాఖరుకి, జూన్ నుంచి చెకింగ్ పెంచాలి అని ఉంటది. అది సింగరేణికో ఒడిశాకో సరిపోద్ది. మనకి జూన్‌లో రోళ్ళు పగిలే ఎండలు, అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్, అదీ తుఫాన్లతో. ఆ ప్లాన్ ప్రకారం పోతే ఎండల్లో తీసిన కాలవ తుఫాను వచ్చేసరికి పూడిపోయి ఉంటది. మేనేజర్ గారు మార్చొద్దు, వాళ్ళు అడిగితే ఎవరు చెబుతారు అన్నారు. కారణం రాసి, మాకు వాన ఎప్పుడు పడుద్దో రైన్ గేజ్ అంకెలే జతచేసి, సెప్టెంబర్ ఆఖరుకి రెండో విడత పెట్టా. తుఫాను హెచ్చరిక వస్తే ఎనిమిది గంటలకోసారి చూడటం కూడా అందులోనే రాసేశా.

అది 2023 డిసెంబర్‌లో పనికొచ్చింది. మిచౌంగ్ తుఫాను 5వ తారీఖు బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు దానికి ముందునుంచే వాన మొదలైంది. పని ఆపేసి కొద్దిమందిమే ఉన్నాం. రాత్రి మేట్ రెయిన్‌కోట్‌లో వచ్చి తడిసిన కాగితం టేబుల్ మీద పెట్టాడు, డీ2 మేకుల మధ్య పొద్దున 142 సెంటీమీటర్లు, ఇప్పుడు 145. ఏం మాట్లాడలా, వేలు పెట్టి చూపించాడు అంతే. మూడు సెంటీమీటర్లే గదా అని వదిలేయొచ్చు, కానీ అన్ని వారాలూ 142 దగ్గరే కదలకుండా ఉన్న అంకె అది. డంపు కింద రేకుల షెడ్డులో పడుకున్నోళ్ళని లేపి ఆఫీసు గదిలోకి తెచ్చాం, టిప్పర్ల దారికి అడ్డంగా డ్రమ్ములు పెట్టాం. తెల్లారి చూస్తే ఒక మూల కొంత మట్టి జారి షెడ్డుకి కొంచెం ఇవతల ఆగింది. పెద్దదేం కాదు, పొక్లెయిన్ పెట్టి సగం పూటలో ఎత్తేశారు. షెడ్డు మాత్రం ఇంక అక్కడ వెయ్యనీలేదు.

తర్వాత వచ్చిన ఆఫీసర్ పాతాయన కాదు, కొత్తాయన. రిజిస్టర్ ముందు నుంచి చదవలా, మధ్యలో ఒక పేజీ తెరిచి ఆ తేదీ అంకె మీద వేలు పెట్టి, నన్ను కాదు మేట్‌ని పిలిచి "ఈ మేకు ఏదీ, చూపించు" అన్నాడు. మేట్ ముందు నడిచాడు, మేమందరం వెనక. పైకెక్కాక ఆఫీసరే టేపు పట్టుకుని కొలిచాడు. సరిపోయింది. తడిసి ఇంకు కారిన డిసెంబర్ కాగితం ఫెయిర్ చేసి రాద్దామని మేనేజర్ గారు అంతకుముందు పట్టుబట్టారు, నేను ఒప్పుకోలా, దాన్నే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి రిజిస్టర్‌కి కుట్టించా. ఆఫీసర్ ఆ ఒక్క కాగితాన్నే ఎక్కువసేపు చూశాడు.

డంపుల పాయింట్ క్లోజ్ చేశారు. గుంట కట్ట పాయింట్ మాత్రం ఇంకా ఉంది, ఎందుకంటే ఆ కట్ట సగం మా లీజులో, సగం పక్క క్వారీ వాళ్ళ లీజులో పడింది, ఇద్దరూ కలిసి సర్వే చేసి ఒకటే ప్లాన్ ఇవ్వమన్నారు. పక్కోళ్ళు మా ఫారం ఫోటో అయితే అడిగి తీసుకున్నారు, సర్వేయర్ డబ్బుల్లో సగం అనేసరికి ఫోన్ ఎత్తడం లేదు. ఈలోపు పైపు మీద అంకె మేమే రాస్తున్నాం, వాళ్ళ వైపు కట్ట నడిచి చూడటానికి వాళ్ళ మేట్‌తో మా మేట్ టీ కొట్టు దగ్గర మాట్లాడుకుని ఏదో ఏర్పాటు చేసుకున్నాడు, అది ఏ కాగితం మీదా లేదు.