సున్నపు గోడల ఇంట్లో ప్లగ్ పాయింట్లు

అమ్మకి ఈ మధ్య రాత్రిపూట నెబులైజర్ పెట్టుకోవాల్సి వస్తోంది. మంచం ఏమో పడమటింట్లో, ప్లగ్ ఏమో సావిట్లో, అది కూడా స్విచ్ బోర్డు పక్కన ఒకే ఒక్క రెండు పిన్నుల సాకెట్టు. దాన్నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు గడప మీదుగా లాగి, దానికి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించి మంచం దాకా తెచ్చుకుంది, పైగా కాఫీకి నీళ్ళు కాచుకునే కెటిల్ కూడా దాని మీదే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చీకట్లో లేచి వెళ్తుంటే ఆ వైరు కాలికి తగిలి పడబోయాను. నేనే పడబోతే 73 ఏళ్ళ మనిషి సంగతేంటి అని ఇంక నిద్ర పట్టలేదు. పొద్దున్న అమ్మ కెటిల్ పెట్టినప్పుడు ఆ వైరు పట్టుకుని చూస్తే బాగా వెచ్చగా ఉంది. ఆ కెటిల్ 1500 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, ఆ సాకెట్టేమో తాతయ్య కాలంనాటి 5 ఆంపియర్లది, అంటే 1150 వాట్లు దాటితేనే దానికి బరువు.

సరే, పాయింట్లు పెట్టిద్దాం అనుకున్నాం. ఎంతసేపు, ఒక పూట పని అనుకున్నా. నాలుగు నెలలు పట్టింది.

మాది గోదావరి జిల్లాలో మండువా లోగిలి, ద్వారబంధం మీద 1938 అని చెక్కి ఉంటుంది. గోడలు అడుగున్నర మందం, ఇటుకా గానుగ సున్నం. ఇంటి ముందే గుండ్రంగా కందకం తవ్వి, రాతి చక్రం పెట్టి, ఎడ్లతో తిప్పించి సున్నం ఇసుక నూరించారని, పై పూతలో బెల్లం నీళ్ళు, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు కలిపారని తాతయ్య చెప్పేవారు. సావిట్లో గోడ మీద చెయ్యి వేస్తే ఇప్పటికీ నున్నగా చల్లగా తగుల్తుంది, చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు వీపు ఆనించి కూర్చునేవాళ్ళం. కరెంటు తర్వాతెప్పుడో వచ్చింది కాబట్టి వైరింగంతా గోడ పైపైనే, టేకు బద్దల మీద టిన్ను క్లిప్పులతో పట్టించిన వైరు, నల్ల బేకలైట్ స్విచ్చులు, తలుపు వెనక పింగాణీ ఫ్యూజులు.

మొదట వచ్చిన కుర్రాడు పని తెలియనివాడని అనను, అపార్ట్‌మెంట్లలో రోజూ చేసే పనే చేశాడు. కటింగ్ మెషీన్ పెట్టి రెండు గీతలు కోసి, మధ్యలో ఉలి పెట్టి కొట్టాడు. సిమెంటు గోడయితే ఆ గాడి మేరకే ఊడుతుంది. ఇక్కడ మూడో దెబ్బకి గీత దాటి పెచ్చులు పెచ్చులుగా, దాదాపు మూడడుగుల పొడవు రెండడుగుల వెడల్పు పూత మొత్తం కింద పడింది. లోపల ఎప్పుడో ఇటుకకీ పూతకీ మధ్య పట్టు వదిలేసి డొల్లగా ఉంది, మెషీన్ అదురుకి రాలిపోయింది. ఏం కాదండి సిమెంటు పెట్టి మూసేద్దాం అన్నాడతను. అమ్మ ఏమీ అనలేదు, చేట తెచ్చుకుని ఆ పెచ్చులన్నీ ఏరి చేటలోకి ఎత్తింది. అప్పుడే పని ఆపేయమన్నాను.

సిమెంటు ఎందుకు వద్దన్నానో చెప్పాలి, ఎందుకంటే పాతింటి వాళ్ళందరూ చేసే తప్పు ఇదే, మేమూ ఒకసారి చేశాం. పదేళ్ళ కిందట వంటింటి వెనక గోడకి సిమెంటు అతుకు వేయించాం. మా నేలలో నీళ్ళు చాలా పైకే ఉంటాయి, ఆ చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం పూత అయితే ఎక్కిన చెమ్మని మెల్లగా బయటికి ఆరనిస్తుంది. సిమెంటు ఆరనివ్వదు. దాంతో ఆ చెమ్మ అతుకు అంచుల చుట్టూ చేరి, ఉప్పు తేలి, ముందు చుట్టుపక్కల సున్నం రాలింది, తర్వాత అతుకే పలకలాగా ఊడి వచ్చేసింది. సిమెంటు గట్టిది, సున్నం మెత్తనిది, ఎండకీ చలికీ రెండూ ఒకేలా కదలవు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కూడా అంతే, చెమ్మ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది.

తర్వాత పక్కూరి నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాం, పాత పెంకుటిళ్ళలో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయన వచ్చీ రాగానే పని మొదలుపెట్టలేదు, స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తడుతూ డొల్ల ఎక్కడుందో సుద్దముక్కతో గుండ్రాలు గీసుకుంటూ వెళ్ళారు. తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కి చూసి దిగి, “అమ్మాయిగారూ, పైన అంత చోటుంటే గోడలోకి దేనికండి?” అన్నారు.

నిజంగా నాకు ఆ ఆలోచనే రాలేదు. మెయిన్ లైన్లన్నీ అటక మీద నుంచి పీవీసీ పైపుల్లో తీసుకెళ్ళి (పైపు ఎందుకంటే ఎలకలు, విడి వైరు అయితే ఆర్నెల్లలో కొరికేస్తాయి), పాయింటు కావల్సిన చోట మాత్రం నిలువుగా కిందకి దించాలి. కొన్నిచోట్ల పాత టేకు బద్దలు ఉన్న దారినే, బద్దలు తీసేసి అదే చోట సన్నటి కేసింగ్ పట్టీ వేశారు, కొత్తగా గోడకి పొడవాటి గాటు పడలేదు. ఆయన గాడి కొట్టింది మొత్తం ఇంట్లో ఒక్కచోటే, అమ్మ మంచం పక్కన, ఎందుకంటే అక్కడ మంచం జరిపినప్పుడల్లా పట్టీకి తగుల్తుంది. అది కూడా మెషీన్ లేకుండా సన్న ఉలితో, కొట్టేముందు రెండు పక్కలా పదునైన బ్లేడుతో లోతుగా గీసి, నీళ్ళు చిలకరించి, పైనుంచి కిందకి నిలువుగా. అడ్డంగా గాడి కొట్టనివ్వకండి, గోడ బరువంతా పైనుంచి దిగుతుంది కదా, అడ్డంగా కోస్తే ఆ బరువు మోసే మందం తగ్గిపోతుంది. స్క్రూల కోసం డ్రిల్ చేసినప్పుడు కూడా హ్యామర్ మోడ్ ఆపేసి ఉత్త తిప్పుడు మీదే వేశారు, రంధ్రం చుట్టూ పొడి రాలిందే గానీ పెచ్చు ఊడలేదు.

ఇంకోటి, మామూలుగా ప్లగ్ పాయింట్లు నేలకి అడుగు ఎత్తులో పెడతారు కదా, మా గోడలకి కింద మూడడుగుల దాకా చెమ్మ మరక ఉంది, ఆ తడిలో ఇనప బాక్సు పెడితే తుప్పు పట్టేస్తుంది, పైగా కరెంటుకి తడి దగ్గర ఏం పని. అందుకని అన్నీ నాలుగడుగుల ఎత్తున పెట్టించాం, అమ్మకి వంగే బాధ కూడా తప్పింది.

వైర్ల సంగతి క్లుప్తంగా. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరు, మామూలు ప్లగ్గులకి 2.5, గీజరుకి విడిగా 4, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్టు. కెటిల్‌కి కూడా 16 ఆంపియర్లదే పెట్టించాం. పాత బోర్డులో ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) రెండింటికీ ఫ్యూజులు ఉండేవి, ఇది చాలా పాత ఇళ్ళలో ఉంటుంది, చూసుకోండి. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోయిందనుకోండి, లైటు వెలగదు, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు, కానీ ఫేజు అక్కడే ఉంటుంది. ఆ బోర్డు మొత్తం తీసేశాం.

అసలు అన్నిటికన్నా పెద్ద విషయం ఎర్తింగ్, అంటే ఏ వస్తువులోనైనా కరెంటు కారితే దాన్ని మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పంపే దారి. ఎనభై ఏళ్ళు దాటిన ఇంట్లో ఇన్నాళ్ళూ ఎర్తే లేదు! మూడు పిన్నుల ప్లగ్గులకి అడాప్టర్ పెట్టి రెండు పిన్నుల్లో గుచ్చుకుంటూ బతికేశాం, ఆ పొడుగు పిన్ను ఉన్నదే ఎర్తు కోసం, మిగతా రెండిటికన్నా ముందు తగిలి చివర్లో వదలాలని దాన్ని పొడుగ్గా చేస్తారు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పులేసుకుని తియ్యమ్మా అని నేను ఫోన్లో చెప్పేదాన్ని. అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎర్తు లేకుండా కొత్త మూడు పిన్నుల సాకెట్లు బిగించి పని అయిపోయిందనే వాళ్ళున్నారు, దయచేసి ఒప్పుకోకండి, చూడ్డానికి కొత్తగా ఉంటుంది, లోపల ఆ మూడో రంధ్రం ఎక్కడికీ పోదు. దొడ్లో బావి పక్కన గొయ్యి తీయించి రెండున్నర మీటర్ల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు), చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పాతించాం, మీటరు పెట్టి కొలిస్తే 2 ఓమ్‌లు చూపించింది (ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది). ఎండాకాలం అప్పుడప్పుడూ అందులో బిందెడు నీళ్ళు పొయ్యాలి.

దానిమీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టారు. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, ఎక్కడో కారుతోందని వెంటనే కట్ చేసేస్తుంది. పెట్టిన రోజు నుంచీ అది పడిపోతూనే ఉంది, వాన వస్తే చాలు ఇల్లంతా చీకటి. ఇది పాడైంది తీసేద్దాం అని అమ్మ అంటుంది, పాడైంది అది కాదండి అని పెద్దాయన ఒక్కో లైనూ విప్పుతూ వెతికితే, వసారాలో వీధి లైటుకి వెళ్ళే పాత వైరు ఒకటి మిగిలిపోయింది, దాని రబ్బరు తొడుగు బిస్కెట్టులా విరిగిపోయి తడి గోడకి ఆనుతోంది. అంటే ఇన్నేళ్ళూ వానాకాలం ఆ గోడలోకి కరెంటు కారుతూనే ఉంది, మాకు చెప్పే దిక్కు లేక తెలియలేదు. ఆ వైరు తీసేశాక మళ్ళీ పడలేదు.

ఇక గోడ అతుకు. గుల్ల సున్నం తెప్పించి నీళ్ళలో విరగబెట్టాం (బుసబుసా పొంగుతూ బాగా వేడెక్కుతుంది, కళ్ళజోడు లేకుండా దగ్గరికి వెళ్ళొద్దు), మూడు వారాలు నీళ్ళ కిందే మాగనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి పూశారు. ముందు గోడ తడపాలి, పలచగా ఒక పొర, అది గట్టిపడ్డాక ఇంకో పొర. ఒకేసారి మందంగా పెడితే పగుళ్ళిస్తుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ గట్టిపడుతుంది కాబట్టి తొందరపెడితే లాభం లేదు, తడి గోనెపట్టా కట్టి అలా వదిలేశాం. అమ్మ చేటలోకి ఎత్తిన పాత పెచ్చుల్ని కూడా రోట్లో దంచి, జల్లించి, ఇసుకలో కలిపించింది. తాతయ్య వాళ్ళు నూరించిన సున్నం అలా మళ్ళీ అదే గోడలోకి వెళ్ళింది, అది చూస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

అతుకు ఇంకా కొంచెం తెల్లగా వేరే రంగులో కనిపిస్తోంది, దసరాకి వెల్ల వేయించాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూడమని అమ్మకి చెప్పాం. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో టిక్కు పెడుతోంది, నొక్కగానే ఫోన్ చేసి “పడిందే, మళ్ళీ ఎత్తాను” అని చెప్తుంది.