చిలుము పట్టిన కనెక్టర్

కార్తీక మాసంలో మూడు రోజులు ముసురు పట్టి వదిలాక, రేపల్లె దగ్గరి మా ఊళ్లో అమ్మ చూసే టీవీకి సిగ్నల్ పోయింది. మా ఇంట్లో ఉన్నది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. నెలనెలా చందా కట్టే పని లేదు కనుక, వచ్చి బాగు చేయమని నిలదీయడానికి కంపెనీ వాళ్లంటూ ఉండరు. బాగు చేసే మనిషి పొరుగూరి నుంచి రావాలి. వానలు వెలిసిన వారంలో అతనికి తీరిక ఉండదు. శనివారం నేను ఇంటికి చేరగానే అమ్మ కాఫీ కంటే ముందు రిమోట్ చేతిలో పెట్టింది.

తెర మీద ‘నో సిగ్నల్’ అని ఉంది. ఆ మాట టీవీ చెబుతోందా, సెట్‌టాప్ బాక్స్ చెబుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. బాక్స్ మెనూ తెర మీదకు రాకపోతే, రెంటి మధ్య ఉన్న తీగ ఊడిందో, రిమోట్‌లో సోర్స్ మారిందో చూసుకుంటే సరిపోతుంది. మెనూ చక్కగా తెరుచుకుంటూ ఉంటే తప్పు డిష్ వైపు ఉన్నట్టు. ఇంతవరకు నేను సరిగానే చూశాను. “మధ్యాహ్నం ఎండెక్కితే కొన్ని ఛానళ్లు వస్తున్నాయిరా, పొద్దున మంచుకు అసలు రావు” అని అమ్మ చెబుతూనే ఉంది కానీ, గాలికి డిష్ తిరిగిపోయి ఉంటుందని తీర్మానించుకున్న నేను ఆ మాట చెవిన పెట్టకుండా స్పానర్ పట్టుకుని మేడ ఎక్కాను. బోల్టులు వదులు చేసి అరగంట సేపు అటూ ఇటూ తిప్పేసరికి, అప్పుడప్పుడు వస్తున్న ఆ నాలుగు ఛానళ్లు కూడా పోయాయి.

డిష్ తిరిగిపోవడమే కారణమైతే ఎండకూ మంచుకూ తేడా ఎందుకుంటుంది? ఈ ప్రశ్న మేడ దిగాక గాని నాకు తట్టలేదు. పూర్వం అల్యూమినియం కమ్మీల యాంటెన్నా ఉన్న రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మీద చుక్కలు పెరిగేవి, నీడ పడేది, కనుక జబ్బు ఎంత ముదిరిందో బొమ్మే చెప్పేది. డిజిటల్ ప్రసారంలో ఒక హద్దు వరకు బొమ్మ అద్దంలా ఉండి, ఆ హద్దు దాటగానే గళ్లు గళ్లుగా విడిపోయి మాయమవుతుంది. ఇప్పుడు చూడవలసింది బాక్స్ మెనూలో సిగ్నల్ బలాన్ని (స్ట్రెంగ్త్), నాణ్యతను (క్వాలిటీ) చూపే రెండు గీతలను. స్ట్రెంగ్త్ గీత బాగానే ఉండి క్వాలిటీ సున్నా ఉంటే, డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బికి కరెంటు అందుతోంది గాని డిష్ సరైన చోటికి చూడటం లేదని చాలా వరకు అనుకోవచ్చు. రెండూ పడిపోయినా, ఎగుడుదిగుడుగా ఊగుతున్నా కేబుల్‌నూ కనెక్టర్లనూ అనుమానించాలి. నేను తిప్పక ముందే ఆ గీతలు చూసి ఉంటే ఒక తప్పు రెండయ్యేది కాదు.

మర్నాడు పొద్దున బాక్స్ ప్లగ్ తీసేసి పైకి వెళ్లాను. ఆ కేబుల్‌లోనే ఎల్ఎన్‌బికి సుమారు 13 వోల్టుల కరెంటు వెళుతుంది కాబట్టి, ప్లగ్ తీయకుండా కనెక్టర్ విప్పితే షార్ట్ అయి బాక్స్ పాడయ్యే ప్రమాదం ఉంది. కనెక్టర్ మర విప్పగానే ఒక నీటిబొట్టు నా బొటనవేలి మీద పడింది. మధ్యనున్న రాగితీగకు ఆకుపచ్చని చిలుము పట్టి ఉంది. చుట్టూ ఉండే సన్నని లోహపు అల్లిక నల్లబడి, అందులోంచి వెంట్రుకంత పోగు ఒకటి మధ్యతీగను తాకీ తాకనట్టు వంగి ఉంది. పైనున్న రబ్బరు తొడుగు ఎప్పుడో ఎండకు చిట్లిపోయింది. ఉపగ్రహం నుంచి 11,000 మెగాహెర్ట్జ్‌కు పైబడి వచ్చే తరంగాలను ఎల్ఎన్‌బి 2,000 లోపుకు దించి కేబుల్‌లోకి పంపుతుంది. తడిసిన కేబుల్ అందులో పైవరస పౌనఃపున్యాలను ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి, కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని రాకపోవడం వింతేమీ కాదు. అమ్మ చెప్పిన రోగలక్షణాలన్నీ ఆ ఒక్క కనెక్టర్‌లోనే కనిపించాయి.

తడి చేరిన మేరకు అడుగున్నర కేబుల్ కోసేసి, కొత్త కనెక్టర్ బిగించి, కిందినుంచి పైకి, తాటాకు కప్పు నేసే వరుసలో, టేపు చుట్టాను. పైనుంచి చుట్టుకొస్తే ప్రతి మడతా నీటికి దోసిలి పట్టినట్టే అవుతుంది. ఎల్ఎన్‌బి కింద కేబుల్‌ను ఒక వంపు తిప్పి వదిలాను, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోవడానికి.

ఇక నేను చెడగొట్టిన డిష్ సంగతి మిగిలింది. ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో, భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి. మా ఊరి నుంచి అది ఆగ్నేయంగా, నేలకు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే కట్టిన మా వంటింటి పొగగొట్టం అడ్డు రానంత ఎత్తన్నమాట. మా డిష్ రెండడుగులది. దాని అంచు వేలెడు మందం జరిగినా గురి రెండు డిగ్రీలు తప్పుతుంది, బొమ్మ పోవడానికి అది చాలు. అదృష్టవశాత్తు స్తంభం మీద డిష్ పట్టీ ఇదివరకు ఉన్న మేర తుప్పు పట్టకుండా తెల్లగా మిగిలింది. ఆ గుర్తుకు పట్టీని చేర్చి, ఫోన్‌లో అమ్మ క్వాలిటీ అంకె చదువుతుండగా రవ్వంత జరపడం, ఒకటి నుంచి మూడు వరకు లెక్కపెట్టేదాకా ఆగడం, మళ్లీ జరపడం; బాక్స్ అంకె మార్చడానికి ఆ పాటి సమయం తీసుకుంటుంది. అంకె 70 దాటాక బోల్టులు ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాను, ఒకటే పూర్తిగా బిగిస్తే డిష్ అటు లాగేస్తుంది కనుక.

“వార్తలు వస్తున్నాయిరా, ఇక దేన్నీ ముట్టుకోకు” అని కింద నుంచి అమ్మ కేక వేసింది. ఇంకా ఒక బోల్టు వదులుగానే ఉంది.