రెండు గంటలకొకసారి

2014 జనవరిలో, కనుమ నాటి ఉదయం చెప్పులు వేసుకోబోతుంటే అరికాళ్ళకు నేల తగులుతున్నట్టు తెలియలేదు. అంతకు రెండు వారాల క్రితం విరేచనాలతో బాగా నీరసించి లేచాను కాబట్టి ఇదీ ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రానికి తిమ్మిరి మోకాళ్ళ దాకా పాకింది. మరునాడు మేము వెళ్ళిన డాక్టరు నరాల బలహీనత అని చెప్పి, ఒక ఇంజెక్షను చేసి ఇంటికి పంపించారు. ఆ తరువాతి రాత్రి మంచం మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడలేకపోయాను. 18వ తేదీన గుంటూరులోని మరొక ఆసుపత్రిలో, మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినా నా కాలు కదలకపోవడం చూసిన నరాల వైద్యురాలు, వెన్నులోని నీరు పరీక్షకు పంపి, నరాల పరీక్ష కూడా చేయించి, అది గిలాన్-బారీ సిండ్రోమ్ అని చెప్పారు.

ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఇది. కడుపులోనో ఊపిరితిత్తుల్లోనో చేరిన సూక్ష్మజీవుల మీదికి వెళ్ళవలసిన రోగనిరోధక శక్తి, పొరబడి మన నరాల పైపొరనే తినేస్తుంది. కాళ్ళతో మొదలై పైకి పాకుతుంది. కొందరిలో ఊపిరి తీసే కండరాలను కూడా పట్టేస్తుంది. నాకూ అలాగే జరిగి, 21వ తేదీ నుంచి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. మనసు మాత్రం ఎక్కడా మొద్దుబారదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి, కనురెప్పలు తప్ప ఏదీ కదలదు. ఆ పదకొండు రోజుల గురించి ఇంతకంటే ఎక్కువ రాయలేను. నేను రాయదలచుకున్నది నన్ను బయటికి తీసుకొచ్చిన మా అమ్మ గురించి.

అమ్మ 1944లో ఫిరంగిపురం దగ్గర ఒక పల్లెలో పుట్టింది. మాది కతోలిక క్రైస్తవ కుటుంబం. మా తాతగారు ఆ ఊరి ఉపదేశి. గుడి ఫాదర్లు నెలకొకసారి మాత్రమే రాగలిగిన ఆ కాలంలో ఆదివారం ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం ఆయన పనే. 1962లో తన పెళ్ళి నాటి పూజ లతీనులో జరిగిందని, అర్థం తెలియకపోయినా ఆ జవాబులన్నీ తనకు కంఠతా వచ్చునని అమ్మ గర్వంగా చెప్పేది. నాన్నగారు గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో గుమాస్తా. నలుగురు పిల్లలం. తెల్లవారుజామున గుడి గంటకు లేవడం, ఆదివారం పూజ తప్పితే ఆ పూట టిఫిను లేకపోవడం మా ఇంటి చట్టాలు. అమ్మ మెత్తని మనిషి కాదు. మా చెల్లెలు గుడిలో కాకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నందుకు దానితో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ రెండేళ్ళూ చెల్లెలు పడిన బాధ నేను చూశాను. అందులో అమ్మదే తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే మాత్రం, ఎవరూ పిలవకుండానే సంచీ సర్దుకుని బస్సెక్కింది.

1996లో నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. 2005లో ఆయన పోయేవరకు తొమ్మిదేళ్ళు అమ్మే ఆయనకు చేయీ కాలూ అయింది. స్నానం, బట్టలు, అన్నం అన్నీ తన చేతుల మీదుగానే జరిగేవి. మేము వంతులవారీగా వచ్చి రెండు రోజులుండి వెళ్ళేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అమ్మ చేసేది ఒక పనిగానే మాకు కనిపించింది గాని, అందులో ఒక విద్య ఉందని తోచలేదు. అది నా ఒంటి మీదికి వచ్చినప్పుడే నాకు తెలిసింది.

నా జబ్బుకు ఇచ్చిన మందు ఇమ్యునోగ్లోబ్యులిన్. రోజుకు 24 గ్రాముల చొప్పున ఐదు రోజులు నరంలోకి ఎక్కించారు. డబ్బు కోసం మావారు పరుగులు పెడుతుంటే, అమ్మ తన నాలుగు పేటల గొలుసు తీసి ఆయన చేతిలో పెట్టిందట. ఆ మందు దేనితో చేస్తారని నర్సును అడిగి, వేలమంది ఇచ్చిన రక్తంలోని ప్లాస్మా నుంచి తీస్తారని తెలుసుకుంది. ఐసీయూలోకి రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున రానిచ్చేవారు. అమ్మ లోపలికి వచ్చి, నా చెవి దగ్గర వంగి, "ఎంతమంది రక్తమో నీలో ఉందమ్మాయ్, వాళ్ళందరికీ ఈ పూట ఒక పూస చెప్పాను" అన్నది. ఆ మాటకు అప్పుడు నాకు అర్థం తెలియలేదు.

ఫిబ్రవరి మొదటి తేదీన గొట్టం తీసి, నాలుగు రోజుల తరువాత నన్ను వార్డుకు మార్చారు. మెడ కింద నాకు ఇంకా ఏదీ వశం కాలేదు. అక్కడి నుంచి అమ్మ పగ్గాలు చేతిలోకి తీసుకుంది. రెండు గంటలకొకసారి నన్ను ఒక పక్క నుంచి మరొక పక్కకు తిప్పాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒక దిండు పెట్టాలి. మడమలు పరుపును తాకకుండా పిక్కల కింద దుప్పటి మడత పెట్టాలి. తిప్పిన ప్రతిసారీ నడుము కింద, తుంటి దగ్గర, చెవి వెనక చర్మం ఎర్రబడిందేమో చూడాలి. లాగకూడదు, దుప్పటితో సహా ఎత్తి జరపాలి. డెబ్భై ఏళ్ళ మనిషి ఇదంతా వార్డు ఆయాలకు చెబుతుంటే మొదట విసుక్కున్నవాళ్ళే, వారం తిరిగేసరికి పక్క మంచం రోగికి ఎలా తిప్పాలో చూపించమని అడిగారు. "మా ఆయన తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్నాడు, ఒక్క పడక పుండు పడనివ్వలేదు" అని ఆమె వాళ్ళతో అంటుంటే, నాన్నగారి గురించి అంత నేరుగా మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. నాకూ ఒక్క పుండు పడలేదు.

ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. విజయవాడ గుణదల కొండకు ఆ పండుగ జరిగే మూడు రోజులూ లక్షల జనం వస్తారు. పెళ్ళయిన దగ్గర నుంచి, నాన్నగారి తొమ్మిదేళ్ళు మినహాయిస్తే, అమ్మ ఆ పండుగ తప్పిన ఏడాది లేదు. ఆ ఏడు వెళ్ళలేదు. ఆ రోజునే వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పాటిస్తారు కాబట్టి, ఒక ఫాదర్ గారు ఆసుపత్రికి వచ్చి, అడిగినవారికి తైలంతో అభ్యంగనం ఇస్తున్నారు. ఆయన నా మంచం వైపు రావడం చూడగానే నా గుండె జారిపోయింది. మా ఊళ్ళో దాన్ని అవస్థ అంటారు. అవస్థ ఇచ్చారంటే ఇక మనిషి ఆఖరికి వచ్చినట్టే. నా కళ్ళలో నీళ్ళు చూసి అమ్మ, "ఇది చావుకు కాదే, జబ్బుకు. మీ నాన్నకు మూడుసార్లు ఇప్పించాను, మూడుసార్లూ లేచి కూర్చున్నాడు" అన్నది. ఆమె చెప్పింది సరైనదే. 1962-65లో కతోలిక పీఠాధిపతులు జరిపిన రెండవ వాటికన్ మహాసభ తరువాత ఆ సంస్కారాన్ని మరణశయ్యకే పరిమితం చేయకుండా, తీవ్రంగా జబ్బు పడినవారందరికీ ఇస్తున్నారు. ఫాదర్ గారు నుదుటికి, అరచేతులకు తైలం రాశారు. నుదుటి మీద వేలి స్పర్శ పూర్తిగా తెలిసింది. అరచేతుల్లో మాత్రం ఏదో బట్ట మీద నుంచి ఎవరో తాకినట్టు తెలిసింది. నాలుగు వారాల్లో ఆ చేతులకు ఏదైనా తెలియడం అదే మొదటిసారి. కాలం గడిచే కొద్దీ నరాలు కోలుకుంటాయని డాక్టరమ్మ ముందే చెప్పారు. అది ఆ రోజే ఎందుకైందో నేను వాదించను. ఆ రోజును మాత్రం మరిచిపోను.

మార్చి 5న విభూది బుధవారం నాడు ఆసుపత్రిలోనే నుదుట విభూది పెట్టించుకుని, మరో మూడు రోజులకు చక్రాల కుర్చీలో ఫిరంగిపురంలో అమ్మ దగ్గరికి చేరాను. మావారి ఉద్యోగం, పిల్లల చదువులు గుంటూరులో కాబట్టి వాళ్ళు శనివారాలు వచ్చి ఆదివారం పూజ తరువాత వెళ్ళేవారు. దెబ్బతిన్న నరం తిరిగి పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఫిజియోథెరపిస్టు ఈ లెక్క చెప్పినప్పుడు నాకు ఏడుపు వచ్చింది గాని, అమ్మ మాత్రం నా నడుము నుంచి బొటనవేలి దాకా జానలతో కొలిచి, "ఎంత లేదు, అవుతుంది" అన్నది. వేళ్ళకు కసరత్తుగా రబ్బరు బంతి ఇచ్చారు. అది నా చేతిలో నుంచి జారి మంచం కిందికి పోతుంటే, అమ్మ తన జపమాల తెచ్చి నా కుడిచేతికి చుట్టి, బొటనవేలితో ఒక్కొక్క పూస నెట్టమన్నది. మొదటి రోజు సాయంత్రం గుడిలో త్రికాల జపం గంట మోగే లోపల మూడు పూసలు నెట్టగలిగాను. ఏప్రిల్ 20న ఈస్టరు. ఆ రోజు నా కొడుకు పక్కన కూర్చుని లెక్కపెడుతుండగా పది పూసలూ పూర్తి చేశాను. వాడికప్పుడు పన్నెండేళ్ళు, జపమాలలో పదేసి పూసలకు ఒకటి చొప్పున తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటారు, అవి వాడికి నేర్పింది నేను కాదు, అమ్మమ్మే. 2002లో పోపుగారు కొత్తగా చేర్చిన వెలుగు దేవరహస్యాలు మాత్రం ఆమెకు ఎప్పటికీ కంఠతా రాలేదు. గురువారం వచ్చిందంటే వాడు చదివితే ఆమె వెనక చెప్పేది.

అలా పూసలు నెడుతున్న రోజుల్లోనే అమ్మ లెక్క బయటపడింది. చివరి దేవరహస్యం తాలూకు పది పూసలకు ఆమె దగ్గర పది పేర్లున్నాయి. నేను నాలుగో పూస దగ్గర ఆగిపోతే, "అది నీదే, గట్టిగా నెట్టు" అన్నది. అప్పుడు ఒక్కొక్కటీ అడిగాను. మొదటిది నాన్నగారు. తరువాత నలుగురు పిల్లలం, ఆ తరువాత ముగ్గురు మనవలు. పదోది ఏ రోజు ఎవరికి అవసరమైతే వారికి. నాకు రక్తం ఇచ్చిన ఆ వేలమందిదీ అదే పూస. తొమ్మిదోది మా బాబాయిది. రెండెకరాల పొలం మీద నాన్నగారిని పదకొండేళ్ళు కోర్టుకు తిప్పిన బాబాయి, నాన్నగారు పడిపోయినా తొంగి చూడని బాబాయి. నాకు కోపం వచ్చి, ఆయన పేరెందుకని అడిగాను. "వాడికీ ఆడపిల్లలున్నారు గదే, వాళ్ళ పెళ్ళిళ్ళు కావద్దా" అని, దొడ్లో ఆరిన బట్టలు తేవడానికి లేచిపోయింది.

జూన్‌లో గోడ పట్టుకుని నడిచాను. జూలై 16న, కార్మెల్ మాత పండుగ నాటికి, ఒక చేతిలో కర్ర, ఇంకొక చేతిలో నా కూతురి భుజంతో ఊరేగింపు వెనక నాలుగిళ్ళ దూరం వెళ్ళాను. మరుసటి ఫిబ్రవరిలో అమ్మతో కలిసి గుణదల వెళ్ళి, కొండ మీది సిలువ దాకా ఆగుతూ ఆగుతూ ఎక్కాను. ఇప్పటికీ కుడి పాదం కొంచెం ఈడుస్తాను, చలికాలంలో అరికాళ్ళు మండుతాయి. అంతకు మించి ఆ జబ్బు నా దగ్గర ఏమీ మిగల్చలేదు.

2019 నవంబరులో అమ్మకు గుండె బలహీనపడి, కాళ్ళలో నీరు దిగి మంచం పట్టింది. ఆసుపత్రి వద్దని ఇంటికే వచ్చేసింది. పంతొమ్మిది రోజులు నేనే దగ్గరున్నాను. రెండు గంటలకొకసారి, మోకాళ్ళ మధ్య దిండు, మడమలు గాలిలో, తుంటి దగ్గర చర్మం చూసి, దుప్పటితో ఎత్తి తిప్పడం. నా వేళ్ళకు అప్పటికి ఆ పని బాగా వచ్చు. ఆఖరికి రెండు రోజుల ముందు, రాత్రి ఒంటిగంట దాటాక, నేను మంచం దగ్గరికి వెళ్ళిన అలికిడికి కళ్ళు తెరిచి, "రెండు గంటలైందా?" అని అడిగింది. ఇంకా పావుగంట ఉందమ్మా అన్నాను. "అయితే ఒక జపమాలకు సరిపోతుంది, మొదలుపెట్టు" అన్నది. గురువారం రాత్రి కాబట్టి కాగితం తెచ్చుకున్నాను. నేను చదువుతుంటే ఆమె వెనక చెప్పింది.